పాత కారుకు ఏ ఆక్సిజన్ సెన్సార్ సరిపోతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నాకు 2006 మోడల్ వ్యాగనార్ ఉంది. ఇప్పటికి లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా చెక్ ఇంజిన్ దీపం వెలుగుతోంది. లీటరుకు పదిహేను వరకు వచ్చే మైలేజీ పదకొండుకు పడిపోయింది. మా మెకానిక్ స్కానర్ పెట్టి చూసి, పి0135 అనే కోడ్ వచ్చిందనీ ఆక్సిజన్ సెన్సార్ పోయిందనీ చెప్పి, పాతదాన్ని విప్పి నా చేతికిచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక దుకాణంలో అడిగితే, అన్ని కార్లకూ సరిపోతుందంటూ ‘యూనివర్సల్’ సెన్సార్ ఒకటి చూపించారు. దానికీ నాలుగు వైర్లే ఉన్నాయి, థ్రెడ్ కూడా సరిగ్గా పట్టింది, ధర కంపెనీ పార్టులో సగమే. కానీ పాతదానికి రెండు నలుపు, ఒక నీలం, ఒక తెలుపు వైర్లుంటే, కొత్తదానికి రెండు తెలుపు, ఒక నలుపు, ఒక బూడిద రంగు వైర్లున్నాయి. దాన్ని తీసుకోవచ్చా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: డబ్బు కట్టకముందే అడిగారు, పైగా వైర్ల రంగులు కూడా రాశారు, ఆ రంగులే మీ ప్రశ్నకు సగం జవాబు చెబుతున్నాయి. ఆ సెన్సార్ మీ కారుకు పనికిరావచ్చు, రాకపోనూవచ్చు. థ్రెడ్ పట్టిందన్న ఒక్క కారణంతో మాత్రం కొనకండి. చాలా కార్లలో ఈ సెన్సార్‌కు ఒకటే థ్రెడ్ ఉంటుంది: పద్దెనిమిది మిల్లీమీటర్ల వ్యాసం, ఒకటిన్నర మిల్లీమీటర్ల పిచ్. దాని తలకు 22 నంబరు స్పానర్ పడుతుంది. అందువల్ల ఒక కంపెనీ కారు సెన్సార్ మరో కంపెనీ కారు గొట్టంలో చక్కగా బిగుసుకుంటుంది. అయితే అది పంపే సంకేతాన్ని చదువుకోవలసింది ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, అంటే ఈసీయూ. దానికి అర్థమయ్యే సంకేతం పంపేదీ, అది ఇచ్చే కరెంటుకు తగినట్టు వేడెక్కేదీ అయిన సెన్సారే మీ కారుకు సరిపోయినట్టు.

అసలు ఇది చేసే పని తెలిస్తే ఎంపిక సులువవుతుంది. సెన్సార్ మొనలో జిర్కోనియా అనే పింగాణీ ముక్క ఉంటుంది. దానికి ఒక పక్క ఇంజిన్ వదిలిన పొగ, మరో పక్క బయటి గాలి తగులుతాయి. అది సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కాక, రెండు పక్కల ఉన్న ఆక్సిజన్ తేడాను బట్టి చిన్న వోల్టేజీని పుట్టిస్తుంది. పెట్రోలు పాలు ఎక్కువైతే అది 0.9 వోల్టుల దాకా వెళుతుంది, గాలి పాలు ఎక్కువైతే 0.1 వోల్టుకు దిగుతుంది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కలిసే చోట ఈ వోల్టేజీ ఒక్కసారిగా అటునుంచి ఇటు మారిపోతుంది, ఈసీయూ ఆ మార్పును గమనిస్తూ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ తెరుచుకునే సమయాన్ని క్షణక్షణం సరిచేసుకుంటుంది. బాష్ సంస్థ తయారుచేసిన ఇలాంటి సెన్సార్లు 1976లో అమెరికా మార్కెట్‌కు వెళ్లిన వోల్వో కార్లలో మొదటిసారి వచ్చాయి. తొలినాటి వాటికి హీటర్ లేదు, పొగ వేడితోనే అవి పనిలోకి దిగేవి, ఒకే వైరు ఉండేది. తరవాత లోపల చిన్న హీటర్ పెట్టడంతో వైర్లు మూడయ్యాయి, సంకేతానికి ప్రత్యేకంగా ఎర్త్ వైరు ఇవ్వడంతో నాలుగయ్యాయి. మీది ఈ నాలుగు వైర్ల రకం.

ఇప్పుడు మీ కోడ్ సంగతి చూద్దాం. పి0135 అంటే సెన్సార్ మొత్తం పోయిందని కాదు. మొదటి సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపం ఉందని మాత్రమే. ఆ సర్క్యూట్‌లో సెన్సార్‌తో పాటు ఫ్యూజు, వైరింగు, కనెక్టర్, ఈసీయూ కూడా ఉన్నాయి. పాత సెన్సార్ మీ చేతిలోనే ఉంది కాబట్టి, మల్టీమీటర్‌ను ఓంల మీద పెట్టి రెండు నల్ల వైర్ల మధ్య కొలవండి. సెన్సార్ చల్లగా ఉన్నప్పుడు, రకాన్ని బట్టి కొద్ది ఓంల నుంచి పదిహేను ఓంల వరకు చూపితే హీటర్ బాగున్నట్టే. మీటరు ఏమీ చూపకపోతే లోపలి తీగ తెగిపోయింది. హీటర్ బాగుందని తేలితే కొత్త సెన్సార్ కొనే ఆలోచన అక్కడితో ఆపి, ఫ్యూజు చూడండి; తరవాత ఇగ్నిషన్ ఆన్ చేసి, కారు వైపు కనెక్టర్‌లో హీటర్ పిన్నుకు పన్నెండు వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. ఇంటి ముందు నిలిపిన కార్లలో ఎలుకలు ఈ వైర్లను కొరికిన సందర్భాలు నేను చాలా చూశాను. పైనుంచి చూస్తే పట్టీ చుట్టిన వైరింగు నిండుగా కనిపిస్తుంది, వేలితో కింది వైపు తడిమితేనే రాగి తగులుతుంది.

మైలేజీ విషయంలో నాకు మరో అనుమానం ఉంది. హీటర్ లేకపోయినా ఇంజిన్ బాగా వేడెక్కాక పొగ వేడికే సెన్సార్ పని మొదలుపెడుతుంది. మీరు రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరుగుతుంటే, లేదా కోడ్ పడిన వెంటనే మీ ఈసీయూ సెన్సార్‌ను లెక్కలోకి తీసుకోవడం మానేస్తే, ఇంత నష్టం సంభవమే. రోడ్డు మీద దూర ప్రయాణాల్లో కూడా పదకొండే వస్తుంటే మాత్రం, కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందా, బ్రేకులు పట్టేస్తున్నాయా, ఎయిర్ ఫిల్టర్ పూడిపోయిందా అన్నవి కూడా చూడాలి. లేకపోతే సెన్సార్ మార్చాక కూడా మైలేజీ అలాగే ఉంటుంది.

హీటర్ పోయిందనే తేలిందనుకుందాం. అప్పుడు మొదట చూడవలసింది పార్టు నంబరు. సెన్సార్ లోహపు తొడుగు మీద గానీ, ఆరు పలకల తల మీద గానీ, కనెక్టర్ మీద గానీ అంకెలు చెక్కి ఉంటాయి. మసి పట్టి ఉంటే, పొగలోకి వెళ్లే మొనను ముట్టుకోకుండా తలను మాత్రం పొడిగుడ్డతో తుడిచి, టార్చి వెలుగును పక్కనుంచి వేసి చూస్తే అంకెల నీడలు కనిపిస్తాయి. సుజుకీ వాళ్ల ఆక్సిజన్ సెన్సార్ల నంబరు 18213తో మొదలవుతుంది, హ్యుందాయ్‌ది 39210తో మొదలవుతుంది. హోండాలో కన్వర్టర్‌కు, అంటే ఎగ్జాస్ట్ గొట్టంలో పొగలోని విషవాయువులను తగ్గించే పెట్టెకు, ముందున్నది 36531, వెనకున్నది 36532. బాష్ సొంత నంబర్లయితే 0258తో ఆరంభమవుతాయి. మొదటి అంకెలు కలిసినంతమాత్రాన చాలదు. తరవాతి అంకెలు మారితే వైరు పొడవు, కనెక్టర్ ఆకారం, హీటర్ అన్నీ మారిపోవచ్చు. మీ ఛాసిస్ నంబరు ఇస్తే అధీకృత పార్టుల కౌంటర్‌లో పూర్తి నంబరు తీసి చెబుతారు. ఆ నంబరుకు సమానమని డెన్సో, ఎన్‌టీకే, బాష్ వంటి తయారీదారులు తమ కేటలాగులో చూపిన సెన్సార్‌ను ధైర్యంగా కొనవచ్చు. సెన్సార్లు తయారుచేసి కార్ల కంపెనీలకు ఇచ్చేది ఎక్కువగా ఇలాంటి సంస్థలే కాబట్టి, కంపెనీ పెట్టెలో ఉన్నదే కావాలన్న పట్టుదల నాకు లేదు.

కేటలాగు సరిపోల్చేటప్పుడు హీటర్ సామర్థ్యాన్ని కూడా చూడండి. బాష్ యూనివర్సల్ సెన్సార్లలోనే 12 వాట్లవీ, 18 వాట్లవీ ఉన్నాయి. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. ఈసీయూ హీటర్ గుండా పోయే కరెంటును గమనిస్తుంది గనుక, తాను ఎదురుచూసిన దానికి దూరంగా ఉంటే కొత్త సెన్సార్‌తో కూడా మళ్లీ అదే పి0135 వేస్తుంది. పాత హీటర్ తెగిపోయినందున దాని ఓంలు మీకిక తెలియవు. అందుకే కేటలాగు తప్ప వేరే దారి లేదు. మీకు చూపిన యూనివర్సల్ పెట్టె మీద నంబరు ఉండి, దాని తయారీదారు పట్టికలో మీ మోడల్, సంవత్సరం, ఇంజిన్ ఉంటే అది నమ్మదగిన వస్తువే. పెట్టె మీద ‘అన్ని కార్లకూ’ అని తప్ప మరేమీ లేకపోతే సగం ధరకు కూడా తీసుకోవద్దని నా సలహా.

ఇక రంగులు. మీ పాత సెన్సార్‌లో రెండు నల్ల వైర్లు హీటర్‌వి, నీలం సంకేతానిది, తెలుపు ఎర్త్‌ది. డెన్సో వాడే వరుస ఇది. కొత్తదానిలో రెండు తెల్ల వైర్లు హీటర్‌వి, నలుపు సంకేతానిది, బూడిద రంగు ఎర్త్‌ది. బాష్ వాడే వరుస అది. కాబట్టి కొత్తదాని రెండు తెలుపులు పాతదాని రెండు నలుపులకు కలవాలి, వాటిలో ఏది దేనికి కలిపినా ఒకటే. కొత్త నలుపు పాత నీలానికి, కొత్త బూడిద పాత తెలుపుకు వెళ్లాలి. నలుపుకు నలుపు, తెలుపుకు తెలుపు కలపాలనే చెయ్యి సహజంగా పోతుంది. కొన్నేళ్ల కిందట అలాగే కలిపిన ఒక కారు నా దగ్గరకు వచ్చింది. హీటర్‌కు వెళ్లవలసిన పన్నెండు వోల్టులు, ఒక్క వోల్టు కూడా పుట్టించని సంకేతపు వైరులోకి వెళ్లి, పెట్టెలోంచి తీసిన రోజే ఆ కొత్త సెన్సార్ చచ్చిపోయింది. యజమాని రెండోసారి కొనవలసి వచ్చింది. నాకు అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే పెట్టెలో ఉన్న చిన్న కాగితం మీద ఈ రంగుల పట్టిక స్పష్టంగా ముద్రించి ఉంది. రంగుల వరుస తయారీదారును బట్టి మారుతుంది గనుక, మీరు కూడా ఆ కాగితాన్నీ మల్టీమీటర్‌నీ నమ్మండి: ఏ రెండు వైర్ల మధ్య కొద్ది ఓంలు చూపుతుందో అవే హీటర్ వైర్లు.

వైర్లు కలిపేటప్పుడు సాల్డరింగ్ చేయవద్దు. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. ముందు చెప్పిన ‘బయటి గాలి’ చాలా సెన్సార్లలో వైర్ల పోగుల మధ్య సందుల్లోంచే లోపలికి చేరుతుంది, సీసం కరిగించి పోస్తే ఆ దారి మూసుకుపోతుంది. కనెక్టర్‌లో గ్రీజు నింపినా అదే ప్రమాదం. సెన్సార్‌తో వచ్చిన నొక్కుడు జాయింట్లు వాడి, వాటిని ఎగ్జాస్ట్ గొట్టానికి దూరంగా కట్టండి. నిజానికి వైర్లు కత్తిరించే పనే లేకుండా అసలు కనెక్టర్‌తో వచ్చే సెన్సార్ దొరికితే, కొంత ఎక్కువైనా దాన్నే తీసుకొమ్మంటాను. వానాకాలం నీళ్లలో తిరిగే కారు అడుగున నాలుగు జాయింట్లు ఉండటం నాకు ఇష్టం లేదు.

బిగించేటప్పుడు థ్రెడ్ల మీద మాత్రమే, అవి పట్టేయకుండా ఉంచే యాంటీ సీజ్ పేస్టు ఉండాలి. చాలావరకు రాసే వస్తుంది. మొన మీద పడకూడదు. ఎగ్జాస్ట్ దగ్గర సిలికాన్ గమ్ అసలు వాడవద్దు, దాని ఆవిరి పింగాణీ మీద తెల్లటి పొరలా పేరుకుని సెన్సార్‌ను చంపేస్తుంది. చేత్తో పూర్తిగా తిప్పి, ఆ తరవాతే స్పానర్ వేసి, సుమారు 40 నుంచి 50 న్యూటన్ మీటర్ల బిగువు ఇస్తే చాలు. కోడ్ చెరిపేశాక ఇంజిన్ వేడెక్కించి, 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పట్టి స్కానర్‌లో వోల్టేజీ చూడమనండి. అది 0.1కీ 0.9కీ మధ్య చురుగ్గా ఊగుతూ ఉండాలి. ఫోన్‌కు కలిపే చవక స్కానర్ మీ కారుతో మాట్లాడకపోతే ఆశ్చర్యపోకండి: కారు తన లోపాలను తానే కనిపెట్టి కోడ్లుగా చూపే ఓబీడీ ఏర్పాటు మన దేశంలో తప్పనిసరి అయింది బీఎస్-4 ఉద్గార ప్రమాణాలతో, 2010 ఏప్రిల్ నుంచి. అంతకు ముందు కార్లకు ఆ కంపెనీని చదవగలిగే స్కానర్ ఉన్న షెడ్డుకే వెళ్లాలి.

ప్రశ్న: నేను అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని శాన్ హోజేలో ఉంటాను. మా 2000 నాటి నాలుగు సిలిండర్ల టయోటా క్యామ్రీకి కన్వర్టర్ ముందున్న సెన్సార్ సరిగా లేదనిపిస్తోంది. ఫోన్ స్కానర్‌లో చూస్తే వోల్టేజీ 0.66 దగ్గర నిలబడిపోయింది, ఊగడం లేదు. దుకాణంలో నాలుగు వైర్ల సెన్సార్లు రెండు ధరల్లో ఉన్నాయి, కనెక్టర్లూ ఒకేలా కనిపిస్తున్నాయి. చవకది తీసుకోవచ్చా? వచ్చే నెలలో స్మాగ్ పరీక్ష, అంటే ఇక్కడి పొల్యూషన్ పరీక్ష, ఉంది.

జవాబు: తొందరపడకండి, మీ సెన్సార్ బాగానే ఉండి ఉండవచ్చు. కాలిఫోర్నియా నిబంధనల కోసం తయారైన ఆనాటి క్యామ్రీల్లో ముందు సెన్సార్ మామూలు ఆక్సిజన్ సెన్సార్ కాదు, ఎయిర్ ఫ్యూయల్ సెన్సార్. మిగతా రాష్ట్రాల కోసం చేసిన అదే కారులో మామూలుది ఉంటుంది. ఇది ఖమ్మం పాఠకునికి చెప్పినట్టు ఊగే వోల్టేజీని ఇవ్వదు. గాలి, పెట్రోలు పాళ్లకు తగినట్టు కొద్దికొద్దిగా మారే కరెంటును ఇస్తుంది. టయోటా ఈసీయూ దాన్ని వోల్టేజీగా మార్చుకుని, పాళ్లు సరిగ్గా ఉన్నప్పుడు 3.3 వోల్టులుగా చదువుతుంది. ఆనాటి ఇలాంటి కార్లలో మామూలు స్కానర్ మీద ఆ విలువ ఐదుతో భాగించి కనిపిస్తుంది. 3.3ను ఐదుతో భాగించి చూడండి, మీకు కనిపించిన 0.66 సరిగ్గా అదే. అంటే నిలకడగా 0.66 చూపడం పాళ్లు సరిగ్గా ఉన్నాయనడానికి గుర్తు, సెన్సార్ మరణానికి కాదు. దీని లెక్క కూడా తిరగబడి ఉంటుంది: పెట్రోలు ఎక్కువైతే విలువ తగ్గుతుంది, గాలి ఎక్కువైతే పెరుగుతుంది. యాక్సిలరేటర్‌ను ఒక్కసారి గట్టిగా నొక్కి వదిలితే అది కిందికీ పైకీ కదలాలి. కదలకుండా బండలా ఉంటేనే అనుమానించండి.

మార్చక తప్పదనుకుంటే బానెట్ కింద అతికించిన ఉద్గారాల లేబుల్ చదవండి. అందులో ఏ/ఎఫ్‌ఎస్ అన్న అక్షరాలుంటే మీది ఎయిర్ ఫ్యూయల్ రకం. టయోటా పార్టు నంబర్లు కూడా ఈ తేడాను దాచవు: మామూలు ఆక్సిజన్ సెన్సార్లు 89465తో, ఎయిర్ ఫ్యూయల్ సెన్సార్లు 89467తో మొదలవుతాయి. డెన్సో పెట్టె మీద అయితే 234-4తో మొదలయ్యేవి మొదటి రకం, 234-9తో మొదలయ్యేవి రెండో రకం. మీకు చూపిన రెండు ధరలకు కారణం ఇదే కావచ్చు. ఎయిర్ ఫ్యూయల్ సెన్సార్ దాదాపు 650 డిగ్రీల వేడి దగ్గర పనిచేస్తుంది, దానికి హీటర్ కూడా బలమైనదే కావాలి. దాని స్థానంలో మామూలుది పెడితే ఈసీయూకు అర్థమయ్యేది ఏమీ ఉండదు. స్మాగ్ పరీక్షకు ముందురోజు కోడ్లు చెరపవద్దు. చెరిపితే ఈసీయూ తనను తాను పరీక్షించుకునే మానిటర్లన్నీ మొదటికి వస్తాయి. అవి మళ్లీ పూర్తయ్యేదాకా, కొన్ని రోజులు, పట్టణంలోనూ ఫ్రీవే మీదా నడిపి అప్పుడు వెళ్లండి.

ప్రశ్న: పాత సెన్సార్‌ను గ్యాస్ మంట మీద కాల్చి శుభ్రం చేస్తే మళ్లీ పనిచేస్తుందని అంటున్నారు. నిజమేనా?
– కర్నూలు పాఠకురాలు

జవాబు: మెత్తటి నల్ల మసి అయితే మంట అక్కర్లేదు; ఇంజిన్ సరిగ్గా మండి, కారు అరగంట రోడ్డు మీద నడిస్తే తనంతట తానే కాలిపోతుంది. ఆ మసి ఎందుకు పట్టిందో, అంటే పెట్రోలు ఎందుకు ఎక్కువ పడుతోందో చూడటం అవసరం. గరుకుగా తెల్లటి పొర ఉంటే అది సిలికాన్ గమ్ నుంచో, హెడ్ గాస్కెట్ కారి మండిన కూలెంట్ నుంచో వచ్చినది. దాన్ని ఏ మంటా తీయలేదు. ఒకప్పుడు సీసం కలిసిన పెట్రోలు కూడా ఇలాగే సెన్సార్లను పాడుచేసేది, మన దేశంలో ఆ బెడద 2000తో పోయింది. మంటలో కాల్చి నీళ్లలో ముంచితే పింగాణీ పగులుతుంది. ఆ పగులు బయటికి కనబడదు. కూలెంట్ తగ్గుతోందని గమనించి ఉంటే, ముందు గాస్కెట్ సరిచేయించి ఆ తరవాత కొత్త సెన్సార్ వేయించండి. లేకపోతే కొత్తదానికీ అదే గతి పడుతుంది.

ప్రశ్న: సెన్సార్ కనెక్టర్ తీసేసి నడిపితే నష్టమేమిటి?
– తెనాలి పాఠకుడు

జవాబు: కారు నడుస్తుంది. ఈసీయూ తన జ్ఞాపకంలో ఉన్న అంచనాలతో, సాధారణంగా కొంచెం ఎక్కువే పెట్రోలు పోస్తూ నెట్టుకొస్తుంది. ఆ మండని పెట్రోలు కన్వర్టర్‌లో చేరి మండుతుంది, లోపలి తేనెపట్టు వంటి గళ్లు వేడికి కరిగి దారి పూడుకుపోవచ్చు. కొత్త కన్వర్టర్ ధరతో మంచి సెన్సార్లు చాలానే వస్తాయి. బీఎస్-2, బీఎస్-3 పెట్రోలు కార్లకు పొల్యూషన్ పరీక్షలో ఐడిలింగ్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు. సెన్సార్ లేకుండా ఆ అంకె దాటడం తేలిక. కొత్తది వచ్చేదాకా రెండు మూడు రోజులు నడపక తప్పకపోతే నిదానంగా నడపండి, కనెక్టర్ చివర ఎగ్జాస్ట్‌కు తగలకుండా పైకి కట్టి ఉంచండి.